సగం ధరకు కొన్న పుస్తకాలు

ఓబులదేవరచెరువులో ఒక ఉమ్మడి కుటుంబం. వదిన ప్రాథమిక పాఠశాల టీచరు. ఇంటి జమాఖర్చులు రాసేది ఆమే. మరిది కదిరిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాడు. ఎండాకాలం సెలవులకు జీతం ఉండదు. అన్న చేనూ మల్బరీ తోటా చూసుకుంటాడు, ఇట్లాంటి తగవుల్లో తలదూర్చడు. జూన్ నెల. చెనిక్కాయ విత్తడానికి పదును వాన కోసం ఊరంతా చూస్తున్న రోజులు. మరిది కొని, చదవకుండా వదిలేసిన పుస్తకాలన్నీ అలమరలోంచి దించి వదిన పడసాలలో పేర్చింది.

వదిన: ఇవన్నీ నువ్వు కొన్నవే కదప్పా. ఒక్కదానికీ మూల మడత పడలేదు. కొన్నిటికి పార్సిల్ కవరు కూడా విప్పలేదు. నేనడిగేది ఒకటే. వచ్చే ఉగాది దాకా కొత్త పుస్తకం కొనొద్దు. ఇంట్లో ఉండేవి చదువు. దుడ్లు మిగులుతాయి, కొన్నందుకు చదివినట్లూ ఉంటుంది.

మరిది: నేనేమన్నా తాగుతానా, పేకాడతానా వదినా? నాకుండే ఖర్చల్లా ఇదొక్కటే.

వదిన: తాగేటోళ్ళూ ఇదే మాటంటారు. పుస్తకాలు మంచివా చెడ్డవా అని నేను అడగలేదు. ఇన్ని పెట్టుకొని ఇంకోటి ఎందుకని అడిగినా. లెక్క చూడు. నెలకు రెండు పుస్తకాలు, ఒక్కోటి రెండొందలు అనుకో. ఏడాదికి 4,800. పోస్టు ఖర్చు కలిపితే ఐదు వేలు దాటుతుంది. మీ కాలేజీ జీతం రాని రెండు నెలలూ బండి పెట్రోలుకు మీ అన్న జేబు చూడాల్సిన పని తప్పుతుంది.

మరిది: ఐదు వేలకు ఇంత పంచాయితీనా? పోయిన యేడు అన్న బోరు వేయిస్తే లక్ష పైన పోయింది. దుమ్ము లేచింది గానీ చుక్క రాలేదు. ఆ పొద్దు లెక్క అడిగినోళ్ళు లేరే.

వదిన: బోరు ఎండిందని ఆ సాయంత్రానికే తెలిసింది. నీ పుస్తకాల్లో నీళ్ళుండాయో రాళ్ళుండాయో ఇన్నేండ్లయినా తెలీలేదు. దించి చూసింది ఉంటే కదా.

మరిది: సరే, దుడ్ల సంగతి పక్కన పెట్టు.

వదిన: ఎందుకు పెట్టాల? కొనడమంటేనే దుడ్లు. దాని మీదనే చెప్పు.

మరిది: అయితే విను. తెలుగు పుస్తకం ఈ యేడు వద్దనుకుంటే వచ్చే యేడు దొరుకుతుందనే నమ్మకం లేదు. కథలో కవిత్వమో అయితే అచ్చయ్యేది ఐదొందల కాపీలు, ధైర్యం చేస్తే వెయ్యి. చాలావాటికి రాసినాయనే దుడ్లు పెట్టుకోవాల. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, బైండింగు అన్నీ ఆయన నెత్తినే. పుస్తకం మీద జీఎస్టీ లేదని సంతోషపడే లోపల కాగితం మీద పడుతుంది. షాపులో పెట్టినాడంటే ధరలో ముప్పై నలభై శాతం కమిషన్ కింద పోతుంది, మిగిలింది ఎప్పుడొస్తుందో తెలీదు. ఆవిష్కరణ సభలో కొన్ని, పత్రికల సమీక్షకు కొన్ని, స్నేహితులకు కొన్ని ఊరికే పోతాయి. పైసలిచ్చి కొనేవాడు నాబోటివాడు ఒకడు. నేనూ మానుకుంటే ఆయన రెండో పుస్తకం వేస్తాడా?

వదిన: ఊరికే పోయినవి పోగా, అమ్మినవి పోగా, మిగిలిన కాపీలు ఏమవుతాయి?

మరిది: ఆయన మంచం కింద కట్టలు కట్టి ఉంటాయి.

వదిన: మల్ల దొరకదంటావే! మంచం కింద ఉండేవి యాడికి పోతాయి? ఉగాదికి అడిగినా సంతోషంగా ఇస్తాడు.

మరిది: ఆయన ఉన్నన్నాళ్ళు ఇస్తాడు. ఆయన పోయినాక పిల్లలు బెంగుళూరికి మకాం మారుస్తారు, కట్టలు కిలోల లెక్కన తూకానికి పోతాయి. ఇది మన తెలుగోళ్ళ గతి మాత్రమే అనుకోవద్దు. గాంధీ మెచ్చుకున్న అమెరికా రచయిత థోరో ఉన్నాడు చూడు, ఆయన తన మొదటి పుస్తకాన్ని సొంత ఖర్చుతో 1849లో వెయ్యి కాపీలు వేయించినాడు. నాలుగేండ్లకు, 1853లో, అమ్ముడుపోని 706 కాపీలు ప్రచురణకర్త బండికెత్తి ఇంటికి పంపించినాడు. వాటిని వీపు మీద మోసుకొని మేడ ఎక్కించుకున్నాడంట. తన లైబ్రరీలో తొమ్మిదొందల పుస్తకాలుండాయనీ, అందులో ఏడొందలు తను రాసినవేననీ డైరీలో రాసుకొని నవ్వుకున్నాడు.

వదిన: పాపం. మిగిలిన మూడొందల్లో ఎన్ని అమ్ముడయినాయి?

మరిది: 75 ఊరికే ఇచ్చినారు. తక్కినవి అమ్మినారు.

వదిన: ఆ కొన్నోళ్ళలో చదివినోళ్ళు ఎంతమందో రాసుకున్నాడా?

మరిది: ఆ లెక్క ఎట్ల తెలుస్తుంది వదినా?

వదిన: నాకు కావలసింది ఆ లెక్కనే. సరే, అది మల్ల చూద్దాం. కొనకుండా చదివే దారి ఒకటుండాది కదా. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు అని వేరే వేస్తారు, చూసినావా? 1960లో చేసిన గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు దానికి పోతాయి. మనం కట్టిన దుడ్లతో నడిచే లైబ్రరీలు ఉండాయి. దినామూ కదిరి పోయేవాడివి, ఒక మెట్టు ఎక్కితే ఏం పోయింది?

మరిది: ఎక్కుతాను వదినా. పోటీ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ నిండి ఉంటారు. సంతోషమే, వాళ్ళకు అదొక్కటే నీడ. కానీ పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసే సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరదు. బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రంలో ఎప్పుడూ ఉండే కథే. దుడ్లు చేరకపోతే కొత్త పుస్తకాలు కొనడం ఆగిపోతుంది. ఐదొందల కాపీలు వేసినాయన గడప ఎక్కి, ఒక కాపీ తీసుకోండయ్యా అని అడిగినా, కొనుగోలు ఉత్తర్వులు రాలేదంటారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య లాంటోళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినప్పుడు సర్కారు సెస్సు ఎక్కడిది? మన సీమ మనిషి, కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆ పనికి ఊరూరూ తిరిగినారు. చందాలతో, చేబదుళ్ళతో లైబ్రరీలు నిలబెట్టినారు. ఆ పొద్దు సెస్సు లేకపోయినా పుస్తకాలు వచ్చినాయి. ఈ పొద్దు సెస్సు ఉండాది, పుస్తకమే రాదు.

వదిన: అందుకని నీ అలమరనే ఇంకో లైబ్రరీ చేసినావు. దీనికీ ఉత్తర్వులు లేవు, చదివేటోళ్ళూ లేరు.

మరిది: నవ్వొచ్చు గానీ, చదవకపోయినా దాచేవాడు ఒకడు ఉండాల. మన కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉండాది. ఏటా పోయి దండం పెట్టుకొని వస్తాము. ఆ పద్యాలు మన చేతికి ఎట్ల వచ్చినాయి? ఎవరెవరి ఇండ్లలోనో అటకల మీద తాటాకులు, కాగితపు ప్రతులు పడి ఉన్నాయి. సి.పి. బ్రౌన్ వాటిని తెప్పించి, పండితులకు సొంత దుడ్లు ఇచ్చి, ఒకదానితో ఒకటి సరిచూసి 1829లో అచ్చు వేయించినాడు. ఆ అటకల వాళ్ళు నీలాగ 'చదవనిది ఎందుకు' అని పొయ్యిలో పెట్టి ఉంటే?

వదిన: ఈ మాట నా బడి పిల్లల ముందర అను, నవ్వుతారు. వేమన పద్యం తాటాకు మీద బతికిందా, నోట్లో బతికిందా? చదువురాని మా అవ్వకు ఎన్ని పద్యాలు వచ్చో నీకు తెలుసు. బ్రౌన్ వెతకడం మొదలుపెట్టింది కూడా జనం నోళ్ళలో ఆ పేరు ఆడుతుంటేనే.

మరిది: నోట్లో ఉండే పద్యం మారిపోతుంది. ఆకు మీదిది మారదు.

వదిన: మారకపోతే బ్రౌన్ అన్ని ప్రతులు పెట్టుకొని సరిచూడాల్సిన అవసరం ఏమొచ్చింది? ఒక్కో ప్రతి ఒక్కో తీరుగా ఉండబట్టే కదా అంత కష్టం. ఆకులు పనికిరాలేదని నేననను. చదివినోళ్ళు, పాడినోళ్ళు, రాసి పెట్టుకున్నోళ్ళు ముందుండారు. వాళ్ళ వెనక దాచినోడు వచ్చినాడు. నువ్వు ముందరి మనిషిని లేకుండా చేసి, వెనక మనిషి వేషం కట్టినావు.

మరిది: కథానిలయం సంగతేమంటావు మరి? కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో దాన్ని పెట్టినారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. మంచి కథా చెడ్డ కథా అని ఏరలేదు. పాత వారపత్రికలు, మాసపత్రికలు దాచుకున్న ఇండ్ల నుంచే కదా అవి అక్కడికి చేరింది?

వదిన: ఆ పత్రికలు ఇంటికొచ్చిన రోజు ఏమయ్యేదో నీకూ తెలుసు. వారపత్రిక వస్తే ముందెవరు చదవాలని ఇంట్లో కొట్లాట. మన ఇంట్లో అయినాక పక్కింటికి, అక్కడినుంచి కుట్టుమిషను అక్కగారింటికి. అట్ట ఊడిపోయి, సీరియల్ పేజీలు చింపి కుట్టుకున్నాక మిగిలింది అటకెక్కింది. రామారావు మాస్టారి చేతికి పోయే నాటికి ఆ కాగితం పది మంది చేతులు తిరిగి ఉంటుంది. నీ పుస్తకాన్ని ఏ చెయ్యీ తాకలేదు. చెద పురుగు తప్ప.

మరిది: చెద పట్టిందా? ఏది?

వదిన: కింది వరసలో రెండింటికి. సెట్టులాగ కొన్నావే, పెద్ద పెద్ద సంపుటాలు, వాటికి. భయపడకు, అట్టల వరకే. ఇప్పుడు చెప్పు, మనకు వాదన ఎందుకు? నీ మాటనే ఒప్పుకుంటాను. కొన్ని పుస్తకాలు ఈ పొద్దు కొనకపోతే దొరకవు. నిజమే. అయితే ఈ కుప్పను రెండుగా చేద్దాం రా. మనకోసం ఆగే పుస్తకాలు గోడ పక్కన. ఆగనివి గడప పక్కన.

మరిది: ఆగేవంటే?

వదిన: ఎప్పుడు అడిగినా దొరికేవి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో వచ్చింది. ఇన్నేండ్లలో దానికెప్పుడన్నా కరువొచ్చిందా? నువ్వు రెండు కాపీలు కొన్నావు, ఒకటి చిన్నది, ఒకటి పెద్ద సైజుది. ఉన్నవ 'మాలపల్లి', విశ్వనాథ 'వేయిపడగలు', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', ఇవన్నీ గోడ పక్కకు. అనువాద నవలలు గోడ పక్కకు. ఇంకా పాతవైతే, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దొరుకుతాయి. నాకు చూపించింది నువ్వే. అవీ గోడ పక్కకే.

మరిది: అయ్యయ్యో, గోడ పక్కన అంత ఎత్తు అయిపోయిందే.

వదిన: గడప పక్కన చూడు, సన్నవి నాలుగు వరసలు. దొరకదు, దొరకదు అని నువ్వు వాదించేది ఈ సన్నవాటి కోసం. దుడ్లు పోసింది మాత్రం ఆ లావువాటికి.

మరిది: విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నవి వదినా. 1989 నుంచి జరుగుతుండాది, ఎక్కువగా జనవరిలోనే. పది శాతం తగ్గింపు ఉంటుంది...

వదిన: పది శాతం మిగిలిందంటావు. తొంభై శాతం పోయిందనవు.

మరిది: నిజం చెప్తాను, అక్కడ పోయి నిలబడితే మనిషి వేరే అయిపోతాడు. ఆ సెట్టు కొంటే వచ్చే యేడు నేను దాన్ని చదివినవాణ్ణి అయి ఉంటానని గట్టిగా అనిపిస్తుంది. రశీదు చేతికి ఇచ్చేసరికి సగం చదివేసినట్లే ఉంటుంది.

వదిన: అదీ సంగతి. ఆ సగమే నీ కొంప ముంచుతుండేది. కొన్నప్పుడు వచ్చిన సంతోషానికి నువ్వు దుడ్లు కట్టినావు. పుస్తకానికి ఇంకా కట్టలేదు.

మరిది: గోడ పక్కవి ఇంక కొనను. ఒప్పుకున్నా. వాటిని నిదానంగా చదువుతా. గడప పక్కవాటికి మాత్రం నువ్వు అడ్డం రావద్దు. మన సీమ పుస్తకాలు మనమే కొనకపోతే ఎవరు కొంటారు? బండి నారాయణస్వామి 'శప్తభూమి' చూడు. మన అనంతపురం మీద, హండే రాజుల కాలం మీద రాసిన నవల. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు రాకముందే నేను కొన్నాను.

వదిన: చదివింది?

మరిది: ...వచ్చినాక.

వదిన: చూసినావా! ఆ నవల గడప పక్క నుంచి గోడ పక్కకు ఎట్ల జరిగింది? నువ్వు కొన్నందుకా? నీకంటే ముందు కొందరు దాన్ని చదివినారు. బాగుందప్పా అని నలుగురికి చెప్పినారు, సభల్లో మాట్లాడినారు, రాసినారు. అంతెందుకు, తరిమెల విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' ఇప్పటికీ సీమలో జనం నోట వినిపిస్తుందంటే అది కొని పెట్టుకున్నోళ్ళ పుణ్యమా? చదివి చెప్పినోళ్ళ పుణ్యం. ఆగని పుస్తకాన్ని ఆగే పుస్తకంగా చేసేది వాళ్ళు.

మరిది: అంటే కొనేవాడికి ఏ పుణ్యమూ లేదా? అచ్చు ఖర్చు వస్తే కదా ఆయన నిలబడేది.

వదిన: ఉండాది, సగం. ఇదిగో ఈ కవిత్వం పుస్తకం పట్టుకో. లోపలి మొదటి పేజీ వెనక తిప్పు. కింద ఏముండాది?

మరిది: మూల్యం 120 రూపాయలు. ప్రతులకు, రచయిత పేరు, ఇంటి చిరునామా, సెల్ నంబరు.

వదిన: పెద్ద పెద్ద ప్రచురణలవాళ్ళ పుస్తకాల్లో రాసినోళ్ళ ఫోన్ నంబరు ఉంటుందా?

మరిది: ఉండదు. దుకాణాల అడ్రసులుంటాయి.

వదిన: ఈయన ఎందుకు వేసుకున్నాడు? పది కాపీలు పంపమని ఫోన్లు వస్తాయని ఆశ పడేంత అమాయకుడేమీ కాదు. ఎవడో ఒకడు చదివి, ఆ ఎనిమిదో పేజీలో ఉండేది నా కథేనయ్యా అంటాడేమోనని. నువ్వు దాన్ని కొన్నావు, 120 కట్టినావు. ఆ 120 అచ్చు ఖర్చుకు సరిపోయింది. ఆయన రెండేండ్లు రాత్రులు కూర్చొని రాసినదానికి కట్టాల్సిన ధర ఇంకా బాకీ. అందుకే అంటుండా, నువ్వు వీటినన్నిటినీ సగం ధరకే కొన్నావు.

మరిది: నేను సాయం చేసినాననుకున్నా. నువ్వు బాకీ కింద రాసినావు.

వదిన: ఇంకోటి విను. నువ్వు ఏ వరసలో చదవాలనుకుంటున్నావు? ముందు గోడ పక్క పెద్దవి, తర్వాత తీరికైతే ఇవి. అవునా?

మరిది: పెద్దవి ముందు చదవకపోతే తెలుగు మాష్టారు అనిపించుకోవడం ఎట్ల?

వదిన: తిరగేసినావు. విశ్వనాథ నీ అభిప్రాయం కోసం చూడడం లేదు. ఉన్నవ చూడడం లేదు. వాళ్ళను పది ఏండ్లాగి చదివినా వాళ్ళకేమీ నష్టం లేదు, నీకూ అంతే రసం ఉంటుంది. ఈ సన్న పుస్తకం రాసినాయన డెబ్బై దాటినోడేమో, ఫొటో చూడు. ఈయన ఈ పొద్దు ఉండాడు. దొరకదని పరుగెత్తి కొన్న పుస్తకం చదవడానికి ఆగమంటే ఎట్ల? కొనడానికి తొందరుంటే చదవడానికీ అదే తొందర ఉండాల.

మరిది: నాకో భయం ఉండాది వదినా. ఇట్ల వంతులు పెట్టుకొని చదివితే చదువు హోంవర్కు అయిపోతుంది. నీ బడిలో పిల్లోళ్ళు ఎక్కాలు అప్పగించినట్లు. మనసు ఒక పుస్తకం మీద ఉంటే చెయ్యి ఇంకో పుస్తకం మీద పెట్టలేం. ఎండాకాలం చదివే పుస్తకం వేరు, వానాకాలం చదివేది వేరు. కుప్ప పైనుంచి కిందికి దించుకుంటూ పోతే అది చదవడం కాదు, కుప్ప ఖాళీ చేయడం.

వదిన: ఇది న్యాయమైన మాట. నేనూ నలభై నోటు పుస్తకాలు దిద్దినప్పుడు చివరికి వచ్చేసరికి అక్షరాలే కనిపించవు. వంతు వద్దు. గడప పక్క నుంచి నీకిష్టమైనది తీసుకో. యాభై పేజీలు చదివి రుచించకపోతే ఆపెయ్. ఆపింది కూడా తెరిచినట్లే.

మరిది: బాగలేకపోతే? ఆయనకు ఫోన్ చేసి ఏమి చెప్పాల? సగం కవిత్వం పుస్తకాలు ఎట్లుంటాయో నీకు తెలుసు.

వదిన: ఆవిష్కరణ సభలో అందరూ బాగుందనే చెప్పినారు. ఆ మాట ఆయన విని ఉన్నాడు. ముప్పై పద్యాల్లో ఒకటైనా నిలబడుతుంది కదా, ఆ ఒక్కదాని పేజీ నంబరు చెప్పు. అదీ లేకపోతే ఫోన్ చెయ్యకు. మర్యాద కోసం చేసే ఫోను ఆయనకు వద్దు. కానీ లేదని నువ్వు చదివి తేల్చుకోవాల. కవరు కూడా విప్పకుండా సగం బాగుండవని తీర్పు చెప్పే హక్కు ఎవరిచ్చినారు?

మరిది: చదివినాక వీటిని ఏమి చేయాల? మల్ల అలమరనేనా?

వదిన: నువ్వే చెప్పినావు కదా, ఐదొందల కాపీలేనని. అంటే ఒక్కో కాపీ ఇద్దరు ముగ్గురికైనా పనికి రావాల. కాలేజీలో రాసే పిల్ల ఒకామె ఉందంటివి, ఆ పిల్లకు ఇవ్వు. దూరాన ఉండేవాళ్ళకైతే పోస్టులో పంపు. రిజిస్టర్డ్ పుస్తకాల పోస్టు తీసేసినారని 2024 డిసెంబరులో గొడవ చేసినావు, గుర్తుందా?

మరిది: తీసేసినారు. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టినారు. 300 గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోల దాకా వంద, పైన పన్ను. నిదానంగా పోతుంది గానీ ఎక్కడుందో కనుక్కోవచ్చు.

వదిన: ఇరవై రూపాయలకు ఇంకో మనిషి చదువుతాడు. నువ్వు రెండొందలు పెట్టి చేయలేని సాయం అది.

మరిది: అయితే ఒప్పందం చెప్పు. ఉగాది దాకా కొత్తవి బందా, కాదా?

వదిన: మొదట బంద్ అనే అన్నాను. నీ మాట విన్నాక పూర్తిగా బంద్ పెడితే తప్పని తెలిసింది. గోడ పక్క జాతి బంద్. ఒక్కటి కూడా కొనొద్దు. పుస్తకాల పండుగకు పోయినా చేతులు కట్టుకొని చూసి రా. గడప పక్క జాతి కొనుక్కో. కానీ ఒకటి చదివి, బాగుంటే ఆయనకు ఫోన్ చేసి, కాపీ ఇంకొకరి చేతికి ఇచ్చినాక ఇంకోటి కొను. రాత్రికి ఇరవై పేజీలు చదివితే రెండొందల పేజీల పుస్తకానికి పది రోజులు. మీ కాలేజీ పరీక్షలు, పేపర్లు, జ్వరాలు, పెండ్లిండ్లు తీసేస్తే నెలకు ఒకటి దాటదు. నువ్వు కొనేది నెలకు రెండు. అంటే ఖర్చు సగం తగ్గింది. సంవత్సరానికి రెండున్నర వేలు మిగిలినట్లే. నాకది చాలు.

మరిది: నువ్వు మిగిల్చేది సగం, నేను కట్టాల్సింది ఇంకో సగం. నీ లెక్క నాకు నష్టంగా ఉండాది.

వదిన: నష్టమంటే మానుకో. మొత్తం ఐదు వేలు మిగులుతాయి.

మరిది: వద్దులే. ఒక్క చిక్కుండాది. ఈ రచయితలు నీకు తెలీదు వదినా. ఫోన్ చేసి మీ పుస్తకం చదివినానండీ అంటే ఊరుకోరు. ఏ కథ నచ్చింది, ఎందుకు నచ్చింది, ముగింపు ఒప్పుకుంటారా, మూడో కథలో ముసలామె మాట గమనించినారా అని గంటసేపు పరీక్ష పెడతారు.

వదిన: పెట్టనీ. అబద్ధం చెప్పాలన్నా ముందు చదివి ఉండాల్సిందే కదా.